రాసుకున్న మాట, రాసుకోని నష్టం: కృష్ణపట్నం ఒప్పందం సేద్యానికి నేర్పే పాఠం

శ్రీ పొట్టి శ్రీరాములు నెల్లూరు జిల్లా ముత్తుకూరు మండలంలో బంగాళాఖాతం ఒడ్డున కృష్ణపట్నం ఉన్నది. ఒక ప్రక్క రేవు, దిగుమతి బొగ్గు గుట్టలు, వంటనూనె శుద్ధి కర్మాగారాలు. మరొక ప్రక్క వరి పొలాలు, రొయ్యల చెరువులు కనిపిస్తాయి. ఈ తీరాన 3,960 మెగావాట్ల సామర్థ్యంతో ఒక భారీ విద్యుత్ కేంద్రం రావలసి ఉన్నది. అది రాలేదు. ఆ కేంద్రం నుంచి విద్యుత్తు కొనవలసిన సంస్థలకూ, దానిని నిర్మించవలసిన కంపెనీకీ మధ్య ఒప్పందంలోని కొన్ని వాక్యాల అర్థంపై వివాదం తలెత్తి న్యాయస్థానానికి చేరింది.

విద్యుత్ ఒప్పందంతో వ్యవసాయ శాస్త్రానికి సంబంధమేమిటనే సందేహం సహజమే. నేడు విత్తనోత్పత్తి, కూరగాయల సరఫరా, రొయ్యల పెంపకం, ఔషధ మొక్కల సాగు వంటి అనేక రంగాలలో రైతు విత్తడానికి ముందే ఒక కాగితంపై సంతకం చేస్తున్నాడు. ఆ కాగితాన్ని రైతుకు చదివి చెప్పేవారు చాలా చోట్ల విస్తరణ అధికారులే. వివాదం వచ్చినప్పుడు న్యాయస్థానం ఆ కాగితాన్ని ఏ విధంగా చదువుతుందో తెలియకపోతే వారి సలహా అసంపూర్ణమవుతుంది. ఒప్పందం చేసుకున్న తరువాత బేరం గిట్టుబాటు కాలేదన్న కారణంతో న్యాయస్థానం దానిని తిరిగి రాయదు. ఏ నష్టాన్ని ఎవరు భరించాలో ముందుగా రాసి ఉంటే ఆ రాతనే అమలు చేస్తుంది. కృష్ణపట్నం వివాదంలోని ప్రధాన పాఠం ఇదే.

కృష్ణపట్నంలో జరిగినది

కేంద్ర ప్రభుత్వం చేపట్టిన అతి భారీ విద్యుత్ ప్రాజెక్టులలో కృష్ణపట్నం ఒకటి. ఆంధ్రప్రదేశ్, కర్ణాటక, మహారాష్ట్ర, తమిళనాడు రాష్ట్రాల పంపిణీ సంస్థలు కొనుగోలుదారులు. కోస్టల్ ఆంధ్రా పవర్ లిమిటెడ్ పేరున ముందుగా ఒక సంస్థను ఏర్పాటు చేసి, 2007లో విద్యుత్ కొనుగోలు ఒప్పందం కుదుర్చుకున్నారు. పోటీ బిడ్డింగులో రిలయన్స్ పవర్ యూనిట్‌కు సగటున 2 రూపాయల 33 పైసల ధర పేర్కొని నెగ్గింది. ఆ సంస్థ రిలయన్స్ పవర్ చేతికి వచ్చింది. ఇంధనంగా ఇండొనేషియా బొగ్గును దిగుమతి చేసుకోవాలన్నది కంపెనీ ప్రణాళిక.

2010 సెప్టెంబరులో ఇండొనేషియా ప్రభుత్వం కొత్త నిబంధన తెచ్చింది. అంతర్జాతీయ మార్కెట్‌తో ముడిపడిన ప్రామాణిక ధర కంటే తక్కువకు బొగ్గును ఎగుమతి చేయరాదనీ, పాత ఒప్పందాలను కూడా ఒక ఏడాదిలోగా అందుకు అనుగుణంగా మార్చుకోవాలనీ దాని సారాంశం. చౌక బొగ్గుపై వేసుకున్న లెక్క తప్పింది. పాత ధరకు విద్యుత్తు ఇవ్వడం సాధ్యం కాదని కంపెనీ వాదించింది. నిర్మాణం ముందుకు సాగకపోవడంతో కొనుగోలుదారులు ఒప్పందం రద్దుకూ, బ్యాంకు గ్యారంటీ సొమ్ము రాబట్టుకొనడానికీ సిద్ధమయ్యారు. దీనిని ఆపాలని కంపెనీ ఢిల్లీ హైకోర్టును ఆశ్రయించింది.

2012 జులైలో హైకోర్టు ఆ కోరికను నిరాకరించింది. ఇంధన ధరలో మార్పును అనివార్య విపత్తుగా పరిగణించరాదని ఒప్పందంలోనే రాసి ఉన్నది. కాబట్టి బొగ్గు ప్రియం కావడాన్ని తప్పించుకొనే దారిగా చూపడానికి వీలులేదన్నది న్యాయస్థానం అభిప్రాయం. కంపెనీ చేసిన అప్పీలును 2019లో అదే హైకోర్టు ధర్మాసనం కొట్టివేసింది.

సుప్రీంకోర్టు చదివిన తీరు

ఇదే ప్రశ్న గుజరాత్ తీరంలోని ముంద్రాలో మరింత పెద్ద స్థాయిలో తలెత్తింది. అదానీ పవర్, టాటాలకు చెందిన కోస్టల్ గుజరాత్ పవర్ సంస్థలు కూడా ఇండొనేషియా బొగ్గుపైనే ఆధారపడ్డాయి. కేంద్ర విద్యుత్ నియంత్రణ మండలి 2013లో వాటికి పరిహార రూపంలో అదనపు ధరను అనుమతించింది. విద్యుత్ అప్పిలేట్ ట్రిబ్యునల్ 2016లో ఆ పరిస్థితిని అనివార్య విపత్తుగానే గుర్తించింది. 2017 ఏప్రిల్ 11న ఎనర్జీ వాచ్‌డాగ్ కేసులో సుప్రీంకోర్టు ఆ నిర్ణయాన్ని త్రోసిపుచ్చింది.

ఆ తీర్పులో మూడు మెట్లున్నాయి. మొదటిది: ఒప్పందంలోనే అనివార్య విపత్తు నిబంధన ఉంటే దానినే చూడాలి, దానికి 1872 నాటి భారత ఒప్పందాల చట్టంలోని 32వ సెక్షన్ వర్తిస్తుంది. అటువంటి నిబంధన లేనప్పుడే, అసాధ్యమైన ఒప్పందం చెల్లదని చెప్పే 56వ సెక్షన్ అవసరమవుతుంది. రెండవది: ధర పెరిగి పని భారమైనంత మాత్రాన అది అసాధ్యం కాదు. బొగ్గు దొరకకపోలేదు, ఖరీదు మాత్రమే పెరిగింది. మూడవది: చట్టంలో మార్పు వస్తే పరిహారమిచ్చే నిబంధన ఒప్పందంలో ఉన్నప్పటికీ, చట్టమంటే భారతదేశంలో అమలులో ఉన్న చట్టమని నిర్వచనం చెబుతున్నది. ఇండొనేషియా నిబంధన ఆ నిర్వచనంలోకి రాదు.

ఆ తీర్పు కంపెనీలను అన్ని విధాలా నిరాశపరచలేదు. దేశీయ బొగ్గు కేటాయింపు విధానంలో కేంద్ర ప్రభుత్వం తెచ్చిన మార్పు వలన కలిగిన కొరతకు మాత్రం చట్ట మార్పు నిబంధన క్రింద ఉపశమనం లభించింది. జకార్తాలో మారిన నియమానికి పరిహారం లేదు, ఢిల్లీలో మారిన విధానానికి ఉన్నది. ఈ తేడాకు కారణం న్యాయమూర్తుల దయాదాక్షిణ్యాలు కావు, నిర్వచనంలోని ఒక్క పదబంధం.

ఈ తేడా వరి రైతుకు కొత్తది కాదు. 2023 జులై 20న కేంద్ర ప్రభుత్వం బాస్మతి కాని తెల్లబియ్యం ఎగుమతిని నిషేధించింది. 2024 సెప్టెంబరు చివరి వరకు ఆ నిషేధం కొనసాగింది. ఎగుమతిని ఆశించి ఒక మిల్లు రైతు బృందంతో ముందస్తు ధరకు ఒప్పందం చేసుకొని ఉంటే, నిషేధం తరువాత ఆ ధర నిలుస్తుందా? ఎగుమతి ప్రస్తావనే లేకుండా ధాన్యం కొంటానని మాత్రమే రాసి ఉంటే మిల్లు వాదన బలహీనపడుతుంది. ప్రభుత్వ ఆంక్షలు వస్తే ధర సవరించవచ్చునన్న వాక్యం ఉంటే రైతు వాదన బలహీనపడుతుంది. సంతకానికి ముందు వెతకవలసిన వాక్యం ఇదే.

నెయ్యి, వేరుశనగల సాక్ష్యం

ధర పెరుగుదల సాకు కాదన్న సూత్రం విద్యుత్ రంగంలో పుట్టలేదు. దాని మూలాలలో కొన్ని వ్యవసాయ సరుకుల వ్యాపారంలోనే ఉన్నాయి. సైన్యానికి నెయ్యి సేకరించి సరఫరా చేయడానికి 1937లో ఒక సంస్థ భారత ప్రభుత్వంతో ఒప్పందం చేసుకున్నది. రెండవ ప్రపంచ యుద్ధం రావడంతో పరిస్థితులన్నీ మారిపోయాయి. మారిన పరిస్థితులకు తగినట్లు ఎక్కువ ప్రతిఫలం ఇప్పించాలని ఆ సంస్థ కోరింది. 1960లో అలోపీ ప్రసాద్ కేసులో సుప్రీంకోర్టు ఆ కోరికను తిరస్కరించింది. ఊహించని మలుపు వచ్చిందన్న కారణంతో ఒక పక్షం ఒప్పందపు ధరను ప్రక్కకు నెట్టలేదని స్పష్టం చేసింది. ఎనర్జీ వాచ్‌డాగ్ తీర్పు ఈ పాత తీర్పును ఆధారంగా తీసుకున్నది.

రెండవ ఉదాహరణ వేరుశనగకు సంబంధించినది. 1956లో సూడాన్ వేరుశనగను జర్మనీలోని హాంబర్గ్ రేవుకు చేరవేయడానికి ఒప్పందం కుదిరింది. ఇంతలో సూయజ్ కాలువ మూతపడింది. ఆఫ్రికా దక్షిణ కొనను చుట్టి రావాలంటే దూరమూ, ఓడ కిరాయీ బాగా పెరుగుతాయి. విక్రేత సరుకు పంపలేదు. బ్రిటిష్ ప్రభువుల సభ 1961లో విక్రేతనే తప్పుపట్టింది. దారి పొడవైనదే గాని మూసుకుపోలేదు. సూయజ్ మీదుగానే పంపాలని ఒప్పందంలో లేదు. కాబట్టి బాధ్యత తొలగదన్నది. కృష్ణపట్నం బొగ్గు వాదనకూ ఈ వేరుశనగ వాదనకూ పోలిక స్పష్టమే.

పంట పోవడం వేరు, ధర మారడం వేరు

మరి తెగులు సోకి పంటే పోతే? ఇక్కడ న్యాయస్థానాల వైఖరి భిన్నంగా ఉంటుంది. కాని అది ఒప్పందంలో సరుకును ఎలా వర్ణించారన్న దానిపై ఆధారపడుతుంది. 1876లో ఇంగ్లండులో తీర్పు వెలువడిన హోవెల్, కూప్లాండ్ కేసు ఇందుకు ప్రసిద్ధమైన ఉదాహరణ. ఒక రైతు తన సొంత భూమిలో పండిన బంగాళాదుంపలలో 200 టన్నులు ఇస్తానని ఒప్పుకున్నాడు. తెగులు సోకి దాదాపు 80 టన్నులే చేతికి వచ్చాయి. మిగిలిన సరుకుకు అతడు బాధ్యుడు కాడని న్యాయస్థానం తేల్చింది. ఆ భూమిలో పండిన దుంపలనే ఇవ్వాలన్నది ఒప్పందం. ఆ భూమిలో పంట లేనప్పుడు ఇవ్వడానికి సరుకే లేదు. అదే రైతు పొలం పేరెత్తకుండా 200 టన్నుల దుంపలు ఇస్తానని మాత్రమే రాసి ఉంటే, మార్కెట్లో కొనైనా ఇవ్వవలసి వచ్చేది.

దీనికి అనుబంధంగా 1972 నాటి బార్లీ కేసును గుర్తుంచుకోవాలి. ఒక రైతు తన పొలంలో పండే బార్లీ నుంచి 275 టన్నులు అమ్ముతానని ఒప్పుకున్నాడు. పండినది 140 టన్నులే. ఒప్పందం మొత్తం రద్దయినదని భావించి, ఆ 140 టన్నులనూ ఎక్కువ ధరకు వేరొకరికి అమ్మాడు. పండని భాగానికి అతడు బాధ్యుడు కాడు గాని, పండిన 140 టన్నులను ముందుగా ఒప్పుకున్న కొనుగోలుదారుకు ఇవ్వవలసినదేనని న్యాయస్థానం నిర్ణయించింది. తుపాను తరువాత మిగిలిన కొద్దిపాటి ధాన్యానికి మార్కెట్లో మంచి ధర పలికినప్పుడు రైతుకు ఎదురయ్యే ప్రశ్న ఇదే. ఈ ఆంగ్ల తీర్పులు మన న్యాయస్థానాలను కట్టివేయవు. అయినా ఒప్పంద చట్టానికి మూలాలు ఉమ్మడివి కావడం వలన వాటి తర్కానికి ఇక్కడ ఒప్పించే విలువ ఉన్నది.

కాబట్టి సరఫరా ఒప్పందంలో సర్వే నంబరు, విస్తీర్ణం, పంటకాలం రాయడం లాంఛనం కాదు. అవి లేకపోతే ప్రకృతి వైపరీత్యపు భారం మొత్తం రైతు మీద పడే ప్రమాదమున్నది.

మాటల అర్థం ఎలా తేలుతుంది

ఒప్పందాల చట్టం 29వ సెక్షన్ ప్రకారం అర్థం నిశ్చయం కాని ఒప్పందం చెల్లదు. ఆ సెక్షన్ క్రింద చట్టకర్తలు ఇచ్చిన ఉదాహరణలు వ్యవసాయ విద్యార్థులు చదవదగినవి. ఏ రకమో చెప్పకుండా వంద టన్నుల నూనె అమ్ముతానంటే అది అనిశ్చితం. కొబ్బరినూనె వర్తకుడు మాత్రమే అయిన వ్యక్తి అదే మాట అంటే అతని వృత్తే అర్థాన్ని నిశ్చయిస్తుంది. రాంనగర్‌లోని నా గాదెలో ఉన్న ధాన్యమంతా అమ్ముతానంటే అందులో అనిశ్చితి లేదు. అనగా న్యాయస్థానం పదాలను నిఘంటువు ప్రకారమే గాక, ఆ వృత్తిలో వాటికున్న అర్థంతో కూడా చదువుతుంది.

రెండవ సూత్రం, ఒప్పందాన్ని మొత్తంగా చదవడం. ఒక నిబంధనను తక్కిన వాటి నుంచి విడదీసి అర్థం చెప్పరు. రాయని షరతును ఒప్పందంలోకి చొప్పించడానికి న్యాయస్థానాలు తేలికగా అంగీకరించవు. అది లేకపోతే ఒప్పందమే పనిచేయదన్నంత అవసరం కనిపించాలి. 2017లో నాభా పవర్ కేసులో సుప్రీంకోర్టు ఈ హద్దును మళ్ళీ గుర్తుచేసింది.

మూడవది రైతులకు అన్నిటికంటే ముఖ్యమైనది. లిఖిత ఒప్పందానికి విరుద్ధంగా నోటిమాటను సాక్ష్యంగా సాధారణంగా అనుమతించరు. 1872 నాటి సాక్ష్య చట్టం 92వ సెక్షన్‌లోని ఈ నియమం 2024 జులై 1 నుంచి అమలులోనున్న భారతీయ సాక్ష్య అధినియమంలోనూ కొనసాగుతున్నది. తేమ కాస్త ఎక్కువైనా తీసుకుంటామని కంపెనీ క్షేత్ర సహాయకుడు గట్టు మీద చెప్పిన మాట, 13 శాతానికి మించరాదని ముద్రించిన వాక్యం ముందు నిలవడం కష్టం.

నాలుగవది, రెండర్థాలకు తావిచ్చే నిబంధనను దానిని రాసిన పక్షానికి ప్రతికూలంగా చదవడం. బీమా పాలసీల వివాదాలలో ఈ సూత్రం తరచుగా వినిపిస్తుంది. అయితే నిజంగా సందిగ్ధత ఉన్నప్పుడే ఇది ఉపకరిస్తుంది. స్పష్టంగా ఉన్న కఠిన నిబంధనను ఇది మెత్తబరచదు.

బలహీన పక్షానికి చట్టం ఇచ్చే ఆసరా

కృష్ణపట్నంలో రెండు వైపులా న్యాయ సలహాదారులు ఉన్న సంస్థలే. ముద్రిత పత్రంపై సంతకం చేసే చిన్న రైతును వాటితో సమానంగా చూడడం సబబు కాదు. న్యాయవ్యవస్థ కూడా ఈ తేడాను గుర్తించింది. దీనికి ఉత్తమ ఉదాహరణ తెలుగు రైతులు నడిపిన కేసే కావడం గమనార్హం.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని కర్నూలు, మహబూబ్‌నగర్ తదితర జిల్లాల రైతులు జాతీయ విత్తన సంస్థ నుంచి విత్తనాలు కొన్నారు. వారిలో ఆ సంస్థకే విత్తనోత్పత్తి చేసి తిరిగి అమ్మడానికి ఒప్పందం చేసుకున్నవారూ ఉన్నారు. పంట విఫలమైనప్పుడు వారు వినియోగదారుల ఫోరాన్ని ఆశ్రయించారు. ఒప్పందంలో మధ్యవర్తిత్వ నిబంధన ఉన్నదనీ, విత్తనాన్ని ప్రయోగశాలకు పంపలేదనీ, వాణిజ్యం కోసం కొన్నవారు వినియోగదారులు కారనీ సంస్థ వాదించింది. 2012 జనవరి 16న మధుసూదన్ రెడ్డి కేసులో సుప్రీంకోర్టు ఈ వాదనలను తిరస్కరించింది. రైతు వినియోగదారుడే, మధ్యవర్తిత్వ నిబంధన వినియోగదారుల చట్టం క్రింద లభించే పరిహార మార్గాన్ని మూసివేయదు, కొన్న విత్తనమంతా పొలంలో విత్తే రైతు పరీక్ష కోసం నమూనా దాచి ఉంచాలని ఆశించడం అసంగతమని చెప్పింది. క్షేత్రాన్ని పరిశీలించిన వ్యవసాయ నిపుణుల నివేదికలు ఆ కేసులో నిర్ణాయకమయ్యాయి.

ఈ ఆసరాకు హద్దులున్నాయి. ఆ రైతులు విత్తనం కొన్నారు కాబట్టి వినియోగదారులయ్యారు. ఏమీ కొనకుండా పంటను అమ్మడానికి మాత్రమే ఒప్పుకున్న రైతుకు ఆ దారి అంత సులభం కాదు. విత్తన రసీదు విలువ ఇక్కడే తెలుస్తుంది.

ఇతర రక్షణలూ ఉన్నాయి. ఒప్పందాల చట్టం 74వ సెక్షన్ ప్రకారం, ఉల్లంఘనకు ఎంత మొత్తం రాసుకున్నా న్యాయస్థానం దానికి మించకుండా సహేతుకమైన పరిహారాన్నే ఇప్పిస్తుంది. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం, నష్టానికి పొంతన లేని జరిమానాలు, కారణం లేకుండా ఒకే పక్షం రద్దు చేసుకొనే హక్కు వంటివాటిని అన్యాయ ఒప్పందాల లక్షణాలుగా పేర్కొన్నది. ఆయిల్‌పామ్ విషయంలో ఆంధ్రప్రదేశ్ 1993లోనే ప్రత్యేక చట్టం చేసి, గెలల కొనుగోలును ప్రాంతాలవారీగా క్రమబద్ధీకరించింది. దేశమంతటికీ వర్తించేలా 2020లో కేంద్రం తెచ్చిన ఒప్పంద సేద్య చట్టం వివాదాలను సివిల్ కోర్టుల పరిధి నుంచి తప్పించి సబ్ డివిజనల్ మేజిస్ట్రేటుకు అప్పగించింది. సుప్రీంకోర్టు 2021 జనవరిలో దాని అమలును నిలిపివేసింది; అదే సంవత్సరం చివర పార్లమెంటు దానిని రద్దు చేసింది. కాబట్టి చాలా పంటల విషయంలో రైతుకు మిగిలిన రక్షణ సాధారణ చట్టాలూ, చేతిలోని కాగితమూ మాత్రమే.

విస్తరణ శాస్త్రవేత్త చేయదగినది

న్యాయ సలహా న్యాయవాది పని. కాని ఒప్పందంలోని సాంకేతిక పదాలకు కొలతలు సూచించగలవారు వ్యవసాయ శాస్త్రవేత్తలే. రైతు సంతకానికి ముందు ఈ క్రింది అంశాలను పరిశీలించడం మంచిది.

1. నాణ్యత: మంచి విత్తనం, సగటు నాణ్యత వంటి మాటలకు బదులు కొలతలు ఉండాలి. ధ్రువీకృత వరి విత్తనానికి కనీసం 80 శాతం మొలక, గరిష్ఠంగా 13 శాతం తేమ, 98 శాతం భౌతిక స్వచ్ఛత ప్రమాణాలు. నమూనా ఎవరు, ఎక్కడ, ఎవరి సమక్షంలో తీస్తారో కూడా రాయాలి.

2. సరుకు వర్ణన: రకం, సర్వే నంబరు, విస్తీర్ణం, పంటకాలం. దిగుబడి తగ్గితే ఎంత ఇవ్వాలో, తక్కువ పండినప్పుడు బయట కొని ఇవ్వనక్కరలేదన్న వాక్యం ఉన్నదో లేదో చూడాలి.

3. వైపరీత్యపు నిర్వచనం: 2023 డిసెంబరు మొదటి వారంలో మిచాంగ్ తుపాను ప్రభావంతో నెల్లూరు జిల్లాలో భారీ వర్షాలు కురిశాయి. ఒప్పందంలో తుపాను అని మాత్రమే ఉంటే అల్పపీడనపు వర్షానికి అది వర్తిస్తుందా అన్న వాదన వస్తుంది. ఎన్ని మిల్లీమీటర్లు, ఏ వర్షమాపక కేంద్రం లెక్క, ఎన్ని రోజుల ముంపు అన్నది రాస్తే వాదనకు తావు తగ్గుతుంది. చీడపీడలను చేర్చారో లేదో విడిగా చూడాలి.

4. ధర: స్థిర ధరా, మార్కెట్‌తో మారేదా? మారేదైతే ఏ మార్కెట్, ఏ తేదీ ధర? కృష్ణపట్నంలో కంపెనీని దెబ్బతీసినది ఈ ప్రశ్నే.

5. పూచీకత్తు: సంతకం చేసిన ఖాళీ చెక్కు ఇవ్వడం ప్రమాదకరం. అటువంటి చెక్కుకు కూడా బకాయి ఉన్నదన్న చట్టపరమైన ఊహ వర్తిస్తుందని 2019లో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ ఊహ తప్పని నిరూపించే భారం సంతకం చేసిన వ్యక్తిదే.

6. ప్రతి, భాష: సంతకమైన ప్రతి ఒకటి రైతు వద్ద ఉండాలి; అది తెలుగులో ఉండాలి. నోటిమాటగా ఇచ్చిన ప్రతి హామీని అందులో చేర్చమని అడగాలి.

పంట నష్టం జరిగిన తరువాత కూడా శాస్త్రవేత్త పాత్ర ముగియదు. పరిశీలించిన తేదీ, పంట దశ, నష్ట శాతం, అంచనా వేసిన పద్ధతి, కారణంపై శాస్త్రీయ అభిప్రాయం, పొరుగు పొలాలతో పోలిక ఉన్న నివేదిక ఏళ్ళ తరువాత కూడా సాక్ష్యంగా నిలుస్తుంది. పంట బాగాలేదని ఒక్క ముక్కలో ముగించిన నివేదిక ఏ పక్షానికీ ఉపయోగపడదు. మధుసూదన్ రెడ్డి కేసులో రైతులను నిలబెట్టినది చట్టం ఒక్కటే కాదు, పొలంలోకి దిగి చూసినవారి రాత కూడా.

వ్యవసాయ పట్టభద్రులు విత్తన మోతాదునూ ఎరువుల మోతాదునూ లెక్కగట్టడం నేర్చుకుంటున్నారు. ఒప్పందంలో ఏ నష్టం ఎవరి వాటాకు వస్తుందో లెక్కగట్టడం కూడా క్షేత్ర శిక్షణలో భాగం కావలసి ఉన్నది. కృష్ణపట్నం కంపెనీ నిపుణుల సలహాతో సంతకం చేసి కూడా ఇంధన ధర నిబంధన వద్ద చిక్కుకున్నది. అటువంటి సలహా అందని రైతు పక్షాన కనీసం ఒకరైనా ఆ కాగితాన్ని చివరి పుట వరకు, సంతకానికి ముందే చదవాలి.